మందు గొన్నవారి మాట: రోగవిముక్తుల వాఙ్మయముపై ఒక పరిశీలనము

కావ్యప్రయోజనములను పరిగణించుచు మమ్మటుడు కీర్తి, ధనము, లోకవ్యవహారజ్ఞానము మొదలగువానితో పాటు అమంగళనివారణమును గూడ పేర్కొనెను. దానికి ఆయన చూపిన ఉదాహరణము మయూరకవి. సూర్యుని నూరు శ్లోకములతో స్తుతించి ఆ కవి కుష్ఠరోగమునుండి విముక్తి పొందెనని ప్రతీతి. తరగతిలో ఈ ఘట్టమును ఒక్క వాక్యముతో దాటిపోవుట మనకు వాడుక. మయూరుడు స్వస్థుడయ్యెను, సరియే. అతని వెనుక అదే రోగమున పడినవానికి ఆ కావ్యమువలన ఒనగూడినదేమి? రోగమునుండి లేచినవాడు క్రొత్తగా రోగమున పడినవానితో పలుకు మాటకు సాహిత్యమున స్థానమేది? దాని గుణదోషములను నిర్ణయించుటకు ప్రమాణమేది? ఈ వ్యాసమున మేము విచారింపదలచినది ఈ విషయమునే.

తిరుపతి, చిత్తూరు ప్రాంతములవారికి ఇది కేవలము అలంకారశాస్త్రప్రసంగము కాదు. కేన్సరు అను పేరు విన్నంతనే చిత్తూరువారు చిరకాలముగా పట్టిన దారి రాయవేలూరి దారి. అక్కడ 1900లో అయిడా స్కడ్డర్ ఒక్క మంచముతో ఆరంభించిన వైద్యశాల నేడు సుప్రసిద్ధమైన వైద్యకళాశాలయు ఆసుపత్రియునై యున్నది. తిరుపతిలో స్విమ్స్ 1993లో వెలసినది. టాటా ట్రస్టుల పూనికతో నిర్మితమైన కేన్సరు ఆసుపత్రి 2022లో తిరుపతిలోనే ప్రారంభమైనది. ఇట్టి ఆసుపత్రుల వసారాలలో ప్రతిదినము ఒక వాఙ్మయము పుట్టుచున్నది. చికిత్స ముగిసి మరల పరీక్షకై వచ్చినవారు, ఆనాడే రోగము పేరు విన్నవారి ప్రక్కన కూర్చుండి చెప్పు మాటలే ఆ వాఙ్మయము. అందు అచ్చుకెక్కినది స్వల్పము, నోటిమాటగా నిలిచినది అపారము. ధైర్యము చెప్పు మాటను విమర్శించుట నిర్దయ యని కొందరు తలపవచ్చును. కాని మంచి యుద్దేశముతో చెప్పిన మాటయే రోగిని క్రుంగదీయుటయు, వైద్యమునకు దూరము చేయుటయు గలదు. కావున విమర్శ యిక్కడ అనవసరము కాదు.

మొదట మయూరుని చూతము. సూర్యశతకమును రోగివాక్కుగా చదువబోయినవారికి ఆశాభంగము కలుగును. కిరణములు, గుర్రములు, సారథి, రథము, మండలము అను రీతిగా వర్ణనము సాగును. స్రగ్ధరావృత్తముల గాంభీర్యమే గాని, 'నేను' అని పలుకు రోగి అందు కానరాడు. ప్రారంభమున ఒక్క శ్లోకమున మాత్రము ముక్కు, కాళ్లు, చేతులు శిథిలమై, అవయవములు పుండ్లుపడి, గొంతు గరగరలాడువారిని సూర్యుడు మరల స్వస్థులను చేయునని యున్నది. రోగిశరీరమును అంత సమీపమునుండి చూచిన శ్లోకములు అరుదు. కాని ఆ రోగులు చిరకాలముగా పాపరాశిచే పీడింపబడినవారని గూడ అదే శ్లోకము చెప్పుచున్నది. చిక్కు ఇక్కడనే యున్నది. క్రొత్తగా వ్యాధి బయటపడినవాడు మొదట అడుగు ప్రశ్న 'నేను ఏ పాపము చేసితిని?' అనునదియే. మయూరుని కావ్యము ఆ ప్రశ్నకు ముందుగనే 'ఔను' అన్నట్లున్నది. స్తోత్రముగా దాని మహిమ ఎంతయైనను, తోటిరోగికి ఊరటగా అది చాలదు.

16వ శతాబ్దమున మేల్పత్తూరు నారాయణ భట్టతిరి వాతరోగపీడితుడై గురువాయూరులో నారాయణీయమును రచించెను. అందు కవి దాగియుండలేదు. దశకము వెంట దశకమును ముగించుచు తన బాధను పోగొట్టుమని దేవుని వేడుకొనెను. నూరవ దశకపు తుదిశ్లోకమున మాత్రము, ఈ స్తోత్రము లోకమున ఆయురారోగ్యసౌఖ్యములను కలిగించుగాక యని కోరెను. తనకై మొరపెట్టుకొన్నవాడు తుదకు పరులకై కోరుట గొప్ప మలుపు. అయినను అది పైనుండి వచ్చు దీవెన. ప్రక్కన కూర్చుండి చెప్పు మాటకు ఇంకను కొంత దూరమున్నది.

రోగిని నేరుగా పిలుచు మాట ముకుందమాలలో వినవచ్చును. కులశేఖరుడు లోకులను సంబోధించి, జననమరణములనెడి వ్యాధికి చికిత్స వినుడని చెప్పును. ఆ చికిత్సను యాజ్ఞవల్క్యాదులైన మునులు చెప్పిరని ప్రమాణము చూపును. అనగా మందునకు పూచీ వైద్యునిది. 15వ శతాబ్దమున తాళ్లపాక అన్నమాచార్యులు అదే మందును మరియొక విధముగా లోకమున కందించిరి. 'కొనరో కొనరో' అని మొదలగు ఆయన సంకీర్తనమున మందును విధించినవారి పేళ్లు లేవు; దానిని పుచ్చుకొన్నవారి పేళ్లు మాత్రమే యున్నవి. ఈ భేదము చిన్నదిగా తోచును గాని, మన విషయమునకు ఇదియే మూలకందము. పూచీ వైద్యునినుండి రోగికి మారినది.

ఆ పేళ్లను, వాని వరుసను పరికింపవలెను. మొదటి చరణమున ధ్రువుడును ప్రహ్లాదుడును, రెండవ చరణమున నారదుడును జనకుడును నాలుగు యుగముల రాజులును, మూడవ చరణమున బ్రహ్మయు వత్తురు. మొదటి యిద్దరును బాలురు. ఒకడు సవతితల్లి మాటకు గాయపడి అడవికి పోయినవాడు; మరియొకడు కన్నతండ్రిచేతనే హింసింపబడినవాడు. భయమనగా నెట్టిదో వారికి తెలియును. జ్ఞానులకంటె ముందు, బ్రహ్మకంటె ముందు వీరిని నిలుపుట యాదృచ్ఛికము కాదని మేము తలంతుము. నారదుడు కోలుకొనెనన్న వార్త సామాన్యునికి ధైర్య మీయదు. అతడు మొదటినుండియు దేవర్షియే గదా యని తోచును. పసివాడు మందు పుచ్చుకొని బ్రదికెనన్నచో 'అట్లయిన నేనును పుచ్చుకొనగలను' అని తోచును. సామ్యము కుదిరిన పిమ్మట ఘనుల పేళ్లు చెప్పినను చెల్లును.

'కొను' అను ధాతువును గూడ గమనింపవలెను. తెలుగున అది వెల యిచ్చి తీసికొనుటకును, పుచ్చుకొనుటకును, మందు విషయమున సేవించుటకును చెల్లును. అందువలన ఈ పాట ఒకవైపు వీథిలో మందులమ్మువాని కేక. మరియొకవైపు సేవింపుమను వేడికోలు. అమ్మువాని కేకలో ఆడంబరముండుట సహజము. అన్నమాచార్యులు ఆ ఆడంబరమును 'ఫలానావారు కొనిరి' అను సాక్ష్యముతో అదుపున పెట్టిరి. జనకుని ప్రస్తావమున గెలుపు అను మాట వచ్చినను, యుద్ధము వర్ణింపబడలేదు. కత్తి లేదు, శత్రువు లేడు. తుదిచరణమున ఆ మందు దొరకు చోటు చెప్పబడినది: వేంకటాద్రిమీద, కోనేటి దరి. ధైర్యము చెప్పి ఊరకుండక దారి చూపుట యిది. కావున ఈ పాటలో మూడంగములు కలవు: మందు గొన్నవారెవరు, వారికి ఏమి ఫలించినది, అది ఎక్కడ దొరకును. రోగవిముక్తుల మాటను పరీక్షించుటకు ఈ మూడంగములును మంచి కొలతలని మేము భావింతుము.

ఇచ్చట ఒక హెచ్చరిక యవసరము. పాటలోని వ్యాధి భవరోగము. దానికి అందరకును ఒక్కటే మందని కవి చెప్పుటకు అధికారము కలదు. కేన్సరు అట్టిది కాదు. అది ఒక్క వ్యాధి పేరు కాదు, అనేకవ్యాధుల సమూహమునకు పేరు. ఏ అవయవమున పుట్టినది, ఏ దశలో బయటపడినది, కణముల స్వభావమెట్టిది అనుదానినిబట్టి శస్త్రచికిత్స, రేడియేషను, కీమోథెరపీ, ఇతరౌషధములు వేరువేరు పాళ్లలో నిర్ణయమగును. 'నేను ఇది తిని బాగుపడితిని, నీవును ఇదియే తినుము' అను మాట పాటలో అందము, వసారాలో అపాయము. మరియొక భేదము గలదు. అన్నమాచార్యుల మందు చల్లనిది, చవి గలది. కీమోథెరపీ మందు చాలమందికి చవి చెరచునది. వాంతులు, నోటిపూత, జుట్టు రాలుట – ఇవి దాని తోడివి. వీనిని దాచి చవిని మాత్రమే చెప్పువాడు మంచి సాక్షి కాడు. ముందుగా చేదు చెప్పి, ఆ చేదు గడచిపోవునని పిమ్మట చెప్పువాని మాటయే నిలుచును.

ఇక మాటల సంగతి. సుశ్రుతుడు అర్బుదమనెను. పాశ్చాత్యనామమును అనుసరించి కర్కటవ్రణమను మాట ఏర్పడినది. మన పల్లెలలో పెద్దలు రాచపుండు అనిరి. ఇందు 'రాచ' అను విశేషణము గౌరవమునకు గాక భయమునకు వచ్చినది. ఎదురాడుటకు వీలులేని దొరతనమును అది సూచించుచున్నది. రోగమునకు రాజత్వ మిచ్చిన పిమ్మట రోగికి మిగులునది రెండే దారులు: లోబడుట, లేక తిరుగబడుట. నేటి పత్రికలలోని 'కేన్సరుపై పోరాటము', 'మహమ్మారిని జయించిన ధీర' మొదలగు శీర్షికలు ఆ రెండవ దారివి. 1978లో అమెరికా రచయిత్రి సూసన్ సొంటాగ్ 'ఇల్‌నెస్ యాజ్ మెటఫర్' అను గ్రంథమున ఈ యుద్ధరూపకములను ఖండించెను. రోగము రోగమే గాని రూపకము కాదని ఆమె వాదము. ఆ గ్రంథమును వ్రాయుటకు ముందు ఆమెకే రొమ్ముకేన్సరు చికిత్స జరిగినది. అయినను గ్రంథమున తన కథ చెప్పుకొనలేదు. తన కన్నీరుకంటె తన వాదమే తోటివారికి ఎక్కువ మేలు చేయునని ఆమె తలచియుండవచ్చును. ఆ నిర్ణయమున ఒక నిగ్రహమున్నది. అలంకారములను చదువుకొనువారము గనుక, ఏ రూపకము ఎవరిని గాయపరచునో తెలిసికొనుట మనకును విధియే. చికిత్స ఫలింపక మరణించినవానిని ఈ యుద్ధభాష 'ఓడినవాడు' అనక తప్పదు. అతడు సరిగా పోరాడలేదను నింద అందు దాగియున్నది. మయూరుని శ్లోకమున పాపము చేసిన పనిని ఇక్కడ పిరికితనము చేయుచున్నది.

రోగవిముక్తురాలు క్రొత్తరోగిని చూడవచ్చుట అను సన్నివేశమునే విమర్శించిన గ్రంథము ఆడ్రే లార్డ్ వ్రాసిన 'ది కేన్సర్ జర్నల్స్' (1980). శస్త్రచికిత్సచే రొమ్ము కోల్పోయిన స్త్రీలను, ముందు ఆ యనుభవము పొందిన స్త్రీలు వచ్చి పలుకరించు పద్ధతిని టెరీస్ లాసర్ 1952లో అమెరికాలో ఆరంభించెను. 1978లో లార్డ్‌కు శస్త్రచికిత్స జరిగినప్పుడు అట్టి స్త్రీ ఒకతె వచ్చి, కృత్రిమస్తనముగా పెట్టుకొనుటకు మెత్తనిదానినొకదాని నిచ్చి, ఉత్సాహముగా మాటాడినది. లార్డ్ ఆమె చొరవను మెచ్చుకొనెను. కాని ఆమె మాటలలో నల్లజాతిస్త్రీయైన తన జీవితమునకు సరిపోవునది కానరాలేదని వ్రాసెను. పైగా ఆ కృత్రిమస్తనము వలన ఒక నష్టము గలదనెను. అందరును దానిని ధరించి పూర్వమువలె కనబడినచో, ఆ యనుభవము పొందిన స్త్రీలు ఒకరినొకరు గుర్తింపజాలరు. రోగము ఒక్కటే యైనంత మాత్రమున సామ్యము సిద్ధింపదనుటకు ఈ గ్రంథము గట్టి నిదర్శనము. ధ్రువుడు మొదట, నారదుడు పిదప అను మన పాటలోని వరుసకు అర్థము దీనివలన మరింత తేటపడును.

లార్డ్ లేవనెత్తిన ఈ ప్రశ్న తిరుపతిలో విచిత్రమైన రూపము దాల్చును. ఇతరనగరములలో గుండుతో తిరుగు స్త్రీని జనులు తేరిపార చూతురు. తిరుపతి వీథులలో ఆ చూపు లేదు. కల్యాణకట్టలో తలనీలాలు సమర్పించి కొండ దిగినవారు, ఆడవారు, మగవారు, పసిపిల్లలు, ఎల్లవేళల ఈ వీథులలో కనబడుదురు. కీమోథెరపీ వలన జుట్టు రాలిన స్త్రీ వారి నడుమ మొక్కు తీర్చుకొన్న భక్తురాలుగానే తోచును. ఇది గొప్ప ఊరట. జుట్టు పోవుట ఇక్కడ అవమానము కాదు, అర్పణము. మరల మొలచుననుటకు ఊరంతయు సాక్ష్యము. కాని లార్డ్ చెప్పిన నష్టము ఇక్కడను కలదు. గుర్తింపబడకపోవుట వలన సిగ్గు తొలగును. తోడు గూడ తొలగును. అందుచేతనే మాట యవసరమగుచున్నది. రూపము చెప్పజాలని దానిని నోరు చెప్పవలెను.

ఇరుగుపొరుగు భాషలనుండి ఒక గ్రంథమును చూతము. మలయాళ సినిమా నటుడు ఇన్నసెంట్ కేన్సరు చికిత్స పొంది 2013లో 'కేన్సర్ వార్డిలె చిరి' యను పుస్తకము వెలువరించెను. కేన్సరు వార్డులోని నవ్వు అని దాని యర్థము. హాస్యనటుడు తన రోగమును హాస్యముగా చెప్పుట వింత కాదు. తన హోదాను దింపుకొని ఆసుపత్రిలో అందరివంటి రోగిగా నిలుచుటయే ఆ నవ్వునకు బలము. అతడు 2023లో మరణించెను. ఆడ్రే లార్డ్ 1992లో కేన్సరుతోనే మరణించెను. సొంటాగ్ 2004లో రక్తకేన్సరుతో మరణించెను. ధైర్యము చెప్పినవారు మరణించినంతనే వారి మాట అబద్ధమగునా? 'జయించితిని' అన్నవాని మాటయైనచో అగును. 'ఈ దారిని నేను నడచితిని, ఇక్కడ రాళ్లున్నవి, ఇక్కడ నీడ యున్నది' అన్నవాని మాటయైనచో కానేరదు. దారి చెప్పినవాడు లేకున్నను దారి యుండును.

రోగమునుండి కోలుకొనని వారి పేరను గూడ ధైర్యము నిలుచుననుటకు మనకు సమీపముననే సాక్ష్యమున్నది. డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి తన చెల్లెలిని కేన్సరు బలిగొన్న దుఃఖమును మరువక, 1954లో మద్రాసు అడయారులో కేన్సరు ఇన్‌స్టిట్యూటును నెలకొల్పెను. కేన్సరుతో మరణించిన బసవతారకము పేర నందమూరి తారకరామారావు తలపెట్టిన ఆసుపత్రి 2000లో హైదరాబాదున ప్రారంభమైనది. ఆ రెండు కట్టడములలోను మొదటి సాక్షులు బ్రదికి బయటపడినవారు కారు. కావున 'బ్రదికినవాని మాటయే మాట' అను నియమమును విమర్శకుడు అంగీకరింపరాదు.

తుదకు అచ్చునకు రాని వాఙ్మయమును తడవుదము. మన వసారాలలో తరచుగా వినబడు వాక్యము 'నన్ను చూడు, నేను లేనా?' అనునది. ఇంత చిన్న వాక్యమున ఇంత పని జరుగుట కవులకును అసూయ గొలుపును. ఇందు ఉపదేశము లేదు. 'చూడు' అని ప్రత్యక్షప్రమాణము మాత్రమున్నది. రెండవ భాగమున ప్రశ్న యున్నది, ఆ ప్రశ్న వ్యతిరేకరూపమున నున్నది. లేకుండబోవుదునేమో యనునదే రోగి భయము. ఆ మాటను అతడు నోట పలుకలేడు. ఎదుటివాడు దానిని తనపై వేసికొని ముందుగా పలికి, ప్రశ్నగా మార్చి, దానికి జవాబును రోగిచేతనే చెప్పించుచున్నాడు. రోగి 'ఉన్నావు' అనక తప్పదు. అనుమానము ఎవరిదో, నిశ్చయమును వారినోటనే పలికించుట ఈ వాక్యపు చాతుర్యము.

కాని ఈ వాక్యమునకు గూడ హద్దు కలదు. చెప్పినవాని వ్యాధియు విన్నవాని వ్యాధియు వేరుకావచ్చును, దశ వేరుకావచ్చును. తెలిసినవారు ఆ వాక్యము వెంటనే 'నాది వేరు, నీది వేరు. డాక్టరు చెప్పినది విను, నడుమ మానబోకు' అని చేర్తురు. ఈ చేర్పుతోనే మొదటిమాట నిజమగును. చేర్పు లేనిచో అది మందులమ్మువాని కేకగా మిగులును.

మన ఆలంకారికులు ఉపదేశమును ప్రభుసమ్మితము, సుహృత్సమ్మితము, కాంతాసమ్మితము అని మూడు విధములుగా విభజించిరి. వైద్యుని మాట ప్రభుసమ్మితము వంటిది, దానిని పాటింపవలసినదే. రోగవిముక్తుని మాట సుహృత్సమ్మితము. పురాణేతిహాసములు ఈ కోవలోనివని పెద్దలు చెప్పుటలో గంభీరమైన భావమున్నది. 'ఫలానావాడు ఇట్లు చేసెను, అతనికి ఇట్లయ్యెను' అని చెప్పి నిర్ణయమును వినువానికే విడుచుట మిత్రుని పద్ధతి. అన్నమాచార్యులు మందు పాటలో పురాణపురుషుల పేళ్లు చెప్పుట ఈ పద్ధతికి అనుగుణమే. మిత్రుడు ప్రభువు స్థానమున కూర్చున్నప్పుడు, అనగా రోగవిముక్తుడు వైద్యుడై చికిత్స నిర్ణయింపబూనినప్పుడు, ఆ వాక్కు చెడును. మిత్రుడు మౌనము వహించినప్పుడు వైద్యుని మాట ఒంటరిదగును. ఆజ్ఞను నమ్ముటకు కావలసిన ధైర్యము వేరొకచోటనుండి రావలెను గదా.

కావున రోగవిముక్తుల రచనలను, మాటలను పరీక్షించువారు వీరుల కథలవలె చదువుట మాని, సాక్ష్యములవలె చదువవలెనని మా యభిప్రాయము. చెప్పినవాడు వినువానితో సామ్యము నెలకొల్పెనా, చేదును దాచక చెప్పెనా, చికిత్స దొరకు చోటికి దారి చూపెనా, కోలుకొననివారిని నిందింపక విడిచెనా యని అడుగవలెను. ఈ ప్రశ్నలకు నిలుచు మాట ఎంత సామాన్యమైన భాషలో నున్నను సాహిత్యమే.

పరిశోధకవిద్యార్థులకు ఇందు చేయదగిన పని చాల గలదు. తిరుపతి, చిత్తూరు, రాయవేలూరు ఆసుపత్రులకు వచ్చు తెలుగువారి మాటలను, వారి యనుమతితో, పేళ్లు మరుగుపరచి, వారి మాండలికముననే సేకరింపవలసియున్నది. అట్లు సేకరించునప్పుడు బాగుపడినవారి మాటలు మాత్రమే గాక, ఇంకను చికిత్సలో నున్నవారి మాటలును, వెంట వచ్చిన బంధువుల మాటలును వ్రాసికొనవలెను. తాళ్లపాకవారి రాగిరేకులు తిరుమల భాండాగారమున చిరకాలము మరుగుపడియుండి పిమ్మట వెలికివచ్చినవి. వసారాలలోని మాటలకు రేకులు లేవు. చెప్పినవారితోనే అవి పోవును.